ఎవారిస్తో పడ్డ చోట

ఎవారిస్తో పొద్దున్నే లేచి, రొట్టెముక్క మీద ఆలివ్ నూనె పోసుకుని తిని, గాడిదకు మేత వేసి, చావడానికి బయల్దేరేవాడు.

మా తబెర్నాస్ ఎడారిలో ఆ రోజుల్లో అదో ఉద్యోగం. ఇటలీ వాళ్లు లారీలేసుకుని వచ్చి, కౌబాయ్ సినిమాలు తీయడానికి చెక్కలతో ఒక అమెరికా ఊరు నిలబెట్టారు. మా మగాళ్లంతా పెద్ద టోపీలు పెట్టుకుని మెక్సికో దొంగలైపోయారు. కొందరు గుర్రాల మీంచి పడేవాళ్లు, కొందరు మేడల మీంచి. అయితే ఎవారిస్తో అంత బాగా చచ్చేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు. తుపాకీ పేలగానే ఒంట్లో ఎముకలు లేనట్టు కూలిపోయేవాడు. ఎలా నేర్చావని అడిగితే, "నేర్చుకోవడానికేముంది, ఆ చప్పుడు వినబడ్డాక నాకు నేను గుర్తుండను" అనేవాడు.

ఒక్కటే చిక్కు. అతను పడ్డ చోట గడ్డి మొలిచేది.

లేచి బట్టలు దులుపుకునేలోగా అతని ఆకారం మేర నేల చెమ్మగిల్లి, పచ్చటి పరకలు పైకొచ్చేవి. మధ్యమధ్య తెల్లటి పూలు కూడా. ఏడాదికి నాలుగు చినుకులు పడని చోటది. ఎడారి సినిమాలో పచ్చికేమిటని దర్శకుడు బ్రుస్కో గొణుక్కునేవాడు. దానికోసం ఒక మనిషికి కొడవలి ఇచ్చి పెట్టుకున్నారు. ఎవారిస్తో లేవగానే గడ్డి కోసి, పైన ఇసుక చల్లడం అతని పని. కోసినదంతా గుర్రాలకు పోయేది. గుర్రాలకు ఎవారిస్తో అంటే ప్రాణం.

ఆ ఏడాది తీసినది గురి తప్పని తుపాకీవీరుడి కథ. వంద అడుగుల దూరం నుంచి కొవ్వొత్తి వెలుగును ఎగరగొట్టేస్తాడు. పోస్టర్ల మీద హీరో పేరు బక్ హార్లాన్. అసలు పేరు నెల్లో పసెరీనీ, రోమ్‌లో క్షవరశాల నడుపుకున్న మనిషి. మనసు వెన్న. వచ్చిన వారంలోనే మా ఊళ్లో సగం మందికి ఊరికే గడ్డాలు గీశాడు. తుపాకీ పేలితే మాత్రం గట్టిగా కళ్లు మూసుకునేవాడు. ఆ వీరుడి టోపీ ఎప్పుడూ కళ్ల మీదికి దిగి ఉండటానికి కారణం అదే, గాంభీర్యం కాదు. మాటలు ఎలాగూ తర్వాత రోమ్‌లో వేరేవాళ్లు చెబుతారు కాబట్టి, కెమెరా ముందు నెల్లో పళ్లు కొరుకుతూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదివేవాడు. ఎదురుగా నిలబడ్డ ఎవారిస్తో "నీ అంతు చూస్తా" అనాల్సిన చోట ఇంట్లో చేయాల్సిన పనులు ఏకరువు పెట్టేవాడు.

ఇంట్లో చూస్తే చేయడానికి పనే మిగల్లేదు. బావి ఎండి మూడేళ్లయింది. బాదం చెట్లు ఒకటి తప్ప అన్నీ పొయ్యిలో కట్టెలయ్యాయి. మేకల్ని అమ్మేశారు. భార్య ఆంపారో తన తమ్ముడికి ఉత్తరం రాస్తే, బార్సిలోనాలో బట్టల మిల్లులో ఇద్దరికీ పని చూశాడు. ఆదివారం సాయంత్రం రైలు. ఆ నేల ఎవారిస్తో తాత రాయి రాయి ఏరి గట్లు కట్టుకున్న నేల. రైలు మాటెత్తితే అతను లేచి వెళ్లి ఆ గట్ల మీద కూర్చునేవాడు.

"సినిమావాళ్ల గుర్రాలకు గడ్డి మొలిపిస్తావు. ఇంట్లో ఒక్క పరక మొలిపించలేవు," అంది ఆంపారో.

"మన పొలంలో పడలేదేమిటే? ఎన్నిసార్లు పడ్డాను?"

"దాన్ని పడటం అనరు, పడుకోవడం అంటారు."

నిజమే. తనంతట తాను పడితే ఏమీ వచ్చేది కాదు. ఒకసారి ఆంపారో చీపురుకట్ట గురిపెట్టి "ఢాం" అంది. అతనికి నవ్వొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది.

శనివారంతో షూటింగ్ అయిపోయింది. పెట్టె సర్దుకుంటున్న నెల్లో దగ్గరికి వెళ్లి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు ఎవారిస్తో.

"నెల్లో గారూ, రేపు వెళ్లే ముందు నన్నొకసారి చంపి వెళ్లాలి."

"ఎక్కడ?"

"మా పొలంలో."

నెల్లో పెట్టె మూత మళ్లీ తెరిచాడు. "వేషం వేసుకుని రానా?"

"వేసుకోండి. మామూలు చొక్కాలో మిమ్మల్ని చూస్తే నాకు క్షవరం గుర్తొస్తుంది."

ఆదివారం పొద్దున కంపెనీ కారు రోడ్డు మీద ఆగింది. నెల్లో దిగి, ఆరు ఉత్తుత్తి తూటాలున్న పిస్తోలుతో గట్టు ఎక్కి వచ్చాడు. ఎండిన బావి పక్కన ఎవారిస్తో నిలబడ్డాడు. కట్టిన మూటల దగ్గర ఆంపారో చేతులు కట్టుకుని చూస్తోంది.

నెల్లో అంకెలు చదివి, కళ్లు మూసుకుని పేల్చాడు. ఎవారిస్తో చక్కగా పడ్డాడు. దుమ్ము లేచింది, అంతే. రెండోసారి మోకాళ్ల మీద కూలాడు. మూడోసారి దొర్లాడు. నాలుగోసారి ఆంపారో దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, ఒక కన్ను తెరిచి చూస్తున్నావు."

"మొలిచిందో లేదో చూడొద్దా మరి?"

"చచ్చేవాడికి ఆ సంగతెందుకు?"

అయిదోసారి రెండు కళ్లూ మూశాడు. కానీ వేళ్లు తడి కోసం మట్టిని తడుముతూనే ఉన్నాయి. ఆశ పెట్టుకున్నవాడికి చావు రాదు, ఎంత ఆరితేరినవాడికైనా.

రోడ్డు మీద డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎవారిస్తో లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"చాలండీ. మీకు ఆలస్యమవుతుంది. శ్రమపడి వచ్చారు," అన్నాడు నెల్లోతో. తర్వాత ఒకసారి గట్ల వైపు చూసి, భార్య వైపు నడిచాడు. "పద ఆంపారో. బరువు మూట నాకివ్వు. ఆ రెండోది..."

నెల్లో ఆ వీపు కేసి చూస్తూ ఉండిపోయాడు. హీరో ఎప్పుడూ ఎదురెదురుగానే కాల్చాలని, వెనకనుంచి కాల్చేది పిరికిపందలని బ్రుస్కో అతనికి మొదటి రోజే నూరిపోశాడు. ఇన్ని సినిమాల్లో ఒక్కసారి కూడా అతనలా కాల్చలేదు. ఇప్పుడు చెయ్యెత్తాడు. అంకెలు చదవలేదు. కళ్లు మూసుకోలేదు.

ఢాం.

మాట మధ్యలోనే ఎవారిస్తో బోర్లా పడ్డాడు.

"చంపేశావురా పాపాత్ముడా," అంటూ ఆంపారో పరుగెత్తింది. నెల్లో, నిజం తూటా గానీ వచ్చిందా అని పిస్తోలు విప్పి చూసుకున్నాడు. ఆమె మొగుడి పక్కన కూలబడి, తల ఒళ్లోకి తీసుకోబోయి ఆగింది. మోకాళ్ల దగ్గర పావడా తడిసింది.

అతని చెవి పక్కన ఒక పరక లేచింది. తర్వాత చంకల కింద, వేళ్ల సందుల్లో. ఈసారి ఆకారం దగ్గర ఆగలేదు. పచ్చదనం మెల్లగా ముందుకు పాకి గట్టు దాకా వెళ్లింది, మిగిలిన ఆ ఒక్క బాదం చెట్టు చుట్టూ తిరిగింది, బావి అంచు దాటి లోపలికి దిగింది. కాసేపటికి లోపల్నుంచి బిందె నిండుతున్నట్టు నీటి చప్పుడు వినబడింది.

ఎవారిస్తో రెప్పలు కదిలాయి. "వెనకనుంచా..." అని గొణిగి, మోచేతుల మీద లేవబోయాడు.

ఆంపారో రెండు అరచేతులూ అతని వీపు మీద ఆనించి, ఏడుస్తూ, నవ్వుతూ, కిందికి అదిమిపట్టింది.

"లేవకయ్యా. నీకు దణ్ణం పెడతాను, ఇంకాసేపు చచ్చిపడి ఉండు."