ఎర్ర వైరూ నల్ల వైరూ

పొద్దున్నే ఉప్పాడ రేవులో చేపలు కొని, ఐసు ఫ్యాక్టరీలో ఐసు నింపుకుని, పిఠాపురం మీదుగా గొల్లప్రోలు దాకా ఊరూరా అమ్ముకు రావడం లోవమ్మ పని. వెనక సీటు పీకించేసిన పాత కారు ఆమెది. దాన్ని కొన్నది మొగుడు వీరబాబు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటూ, ఒకళ్ళ కంచంలోకి ఒకళ్ళు చేపముక్క తోసుకుంటూ బతికారు. అతను జ్వరమొచ్చి పోయాక స్టీరింగు ఆమె పట్టుకుంది.

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సత్తియ్య ఒంటరి మనిషి. మారుమనువుకి లోవమ్మకి ఇష్టమేనా అని, ఆమె వదిన వీరదుర్గతో కబురు పెట్టాడు. లోవమ్మ అవుననలేదు, కాదనలేదు. కోపమూ రాలేదు. కోరికా భయమూ రెండూ తన ఒంట్లోంచి ఎప్పుడో లేచిపోయాయని ఆమె నమ్మకం. అప్పట్నుంచీ ఐసు తీసుకునేటప్పుడు ఐసు వైపే చూసేది. అతను కూడా మళ్ళీ అడగలేదు. పెట్టెలో ఐసు మాత్రం కాస్త ఎక్కువే పోసేవాడు.

ఒకరోజు గొల్లప్రోలు ఊరి చివర, చింతచెట్టు నీడలో బేరం ముగించుకుని తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. మిగిలిన పండుగొప్ప చేపల పెట్టెలోంచి నీళ్ళు కారడం మొదలైంది.

ఆ రోడ్డు మీద ఆగిపోయిన బండికి ఇంకో బండి బ్యాటరీ నుంచి వైర్లేసి చార్జింగ్ ఇవ్వడమంటే కరెంటు ఒక్కటే ఇవ్వడం కాదు. ఇచ్చేవాళ్ళ మనసులో ఉన్నది కాస్త ఎర్ర వైరు వెంట వస్తుంది, పుచ్చుకునేవాళ్ళది కాస్త నల్ల వైరు వెంట పోతుంది. అందుకే అక్కడివాళ్ళు వైరు పట్టుకునే ముందు ఇంట్లో అంతా కులాసాయేనా అని అడుగుతారు. చావింటి నుంచి వస్తున్న కారు దగ్గర చార్జింగ్ తీసుకున్న డ్రైవరొకడు కత్తిపూడి నుంచి తుని దాకా ఏడుస్తూనే నడిపాడు. వెనక కూర్చున్నవాళ్ళు మంచినీళ్ళిచ్చారు తప్ప కారణం అడగలేదు.

కాసేపటికి అన్నవరం వైపు నుంచి ఒక కారొచ్చి ఆగింది. వ్రతం చేసుకుని అమలాపురం తిరిగెళుతున్న కొత్త జంట. పెళ్ళికొడుకు మురళీకృష్ణ దిగి, "బండి ఆగిపోయిందాండీ?" అని వైర్లు తీశాడు. పెళ్ళికూతురు సుప్రియ తలుపుకి అతుక్కుపోయినట్టు కూర్చుని ఉంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. ఇద్దరి మధ్యా ప్రసాదం సంచి. పెళ్ళిచూపుల్లో మాట్లాడుకున్న నాలుగు మాటల తర్వాత వాళ్ళ మధ్య ఐదో మాట ఇంకా పుట్టలేదని లోవమ్మకి చూడగానే తెలిసింది.

"ఒద్దు బాబూ," అంది. "నాది మొగుడు పోయిన బండి. నల్ల వైరెంట నా ఏడుపు మీకెందుకు? ఇంకెవరన్నా వస్తారులే."

మురళీకృష్ణ ఎటూ తేల్చుకోలేక వైర్లు పట్టుకుని నిలబడ్డాడు. సుప్రియ కారు దిగి లోవమ్మ దగ్గరికొచ్చింది.

"మీ ఆయన మిమ్మల్ని బాగా చూసుకునేవారా అండీ?"

ఆ ప్రశ్న లోవమ్మని అంతవరకూ ఎవరూ అడగలేదు. పోయాడని జాలిపడ్డవాళ్ళే గానీ, ఉన్నప్పటి సంగతి అడిగినవాళ్ళు లేరు.

"తిట్టుకునేవాళ్ళం తల్లీ. అన్నం తినకుండా మాత్రం పడుకోనిచ్చేవోడు కాదు."

సుప్రియ మొగుడి వైపు తిరిగి, "అయితే పెట్టండి," అంది.

వైర్లు తగిలించి, తన ఇంజను రేజ్ చేసి వదిలాడు మురళీకృష్ణ. చార్జింగ్ ఎక్కేదాకా ముగ్గురూ చింతచెట్టు కింద నిలబడ్డారు. కాసేపటికి అతను సుప్రియతో, "ఎండలోకి రాకు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు," అన్నాడు. ఆమెని చాలా ఏళ్ళుగా ఎరిగినవాడి విసుగులా ఉంది అది. సుప్రియ కూడా తడుముకోకుండా, మీరు మాత్రం తిన్నారా ఏంటని ఎదురడిగి, ప్రసాదం పొట్లం విప్పి సగం అతని చేతిలో పెట్టి, వేళ్ళకంటిన నెయ్యి అతని కండువాకే తుడిచింది. ఇద్దరూ నవ్వలేదు, సిగ్గుపడలేదు. పాతకాపురం వాళ్ళలా తింటూ నిలబడ్డారు.

లోవమ్మ కళ్ళు తుడుచుకుంది. తన బండిలో ఏడుపొక్కటే ఉందనుకుంది ఇన్నాళ్ళూ.

తాళం తిప్పితే కారు ఒక్కసారికే అందుకుంది. ఇల్లు చేరేదాకా ఇంజను ఆపొద్దని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. పిఠాపురం దాటేసరికి లోవమ్మ అరచేతులు చెమర్చాయి. రేపేమవుతుందో తెలియనప్పుడు పట్టే చెమట అది. కొత్త పెళ్ళికూతురి భయం. ఆ భయంలోనే, ఏమవుతుందో చూద్దామన్న ఆశ కూడా ఉంది. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంది. ఇంటివైపు తిరగాల్సిన కారుని ఐసు ఫ్యాక్టరీ వైపు తిప్పింది.

సత్తియ్య ఐసు మీద కప్పే రంపపు పొట్టు అంటిన చేతులతో బయటికొచ్చి, ఈ వేళప్పుడొచ్చావేంటి, ముందు ఇంజను ఆపమన్నాడు.

"ఆపితే మళ్ళీ లెగదు," అంది లోవమ్మ. "ఎక్కు."

"ఎక్కడికి?"

"మా వదిన దగ్గరికి. కబురు ఆవిడతోనే కదా పెట్టావు. జవాబు ఇద్దరం ఎళ్ళి చెబుదాం."

సత్తియ్య ముందు సీటులో ఉన్న చేపలు తూచే కాటా తీసి, ఎక్కి కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.