నూకరత్నం గీసిన నీటిదారి

నేను ఒక మౌస్‌ని. తెలుగులో చెప్పాలంటే ఎలుకని. తోక ఉంది, కన్నం లేదు. వినాయకుడు నన్నెక్కడు, విద్యార్థులు దిగరు. ఎడమ నొక్కితే రైటు, కుడి నొక్కితే రాంగు. ఇదీ నా బతుకు!

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఓ ఆఫీసులో గుమాస్తా చేతికింద ఆరేళ్ళు పేకముక్కలు జరిపి, చివరికి సిక్కోలు తీరంలో ఓ హైస్కూలుకి విరాళంగా వచ్చిపడ్డాను. మనుషులు దానం చేసే వస్తువు పాతది, దాని పక్కన వేయించుకునే పేరు మాత్రం కొత్త పెయింటు.

అక్కడ సోషల్ చెప్పే గవరయ్య మాస్టారు శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో కంప్యూటర్ మీద ప్రపంచపటం తెరిచేవారు. పైసా అడగని ఇంటర్నెట్ పటం. "ఉచితం గనకే సముచితం!" అనేవారు. పిల్లలు నవ్వకపోతే ఆ పనీ ఆయనే చేసుకునేవారు.

ఓ శుక్రవారం, "మీ నాన్నలు ఎంత దూరంలో ఉన్నారో కొలవండర్రా" అన్నారు. మగవాళ్ళంతా చేపలవేటకి గుజరాత్ పోయి, ఏడాదిలో సగానికి పైగా ఆ బోట్లమీదే గడిపే ఊరది. పిల్లలు వరసగా వచ్చి గుజరాత్‌లోని వేరావల్ రేవు మీదో చుక్క, మా ఊరి మీదో చుక్క పెట్టారు. మధ్యన గీత. నాన్న ఎంత దూరమో రెండు క్లిక్కుల్లో తేలిపోయింది.

ఎనిమిదో తరగతి నూకరత్నం మాత్రం వేరావల్‌లో చుక్క పెట్టి, నన్ను నీళ్ళలోకి లాగింది. సముద్రంలో ఇంకో చుక్క. మరోటి.

"ఏటే, మీ నాన రైలెక్కడా? ఈదుకొచ్చెస్తాడేటి?" వెనక బెంచీనుంచి పోలమ్మ.

"రైలుదారి నాకేటి తెల్సు? నీరంతా ఒకటేనమ్మా, ఒడ్డెంబడి వొచ్చెస్తే ఇంటికాడికే అని నాన ఫోన్లో సెప్పినాడు."

మాస్టారు నవ్వబోయి మానేశారు. గీత కన్యాకుమారి చేరేసరికి బడి గంట కొట్టారు. పేజీ మూయగానే గీత మాయం. ఖాతా లేనివాళ్ళ గీతలు ఆ పటం దాచదట. మళ్ళీ వారం మళ్ళీ వేరావల్, మళ్ళీ కన్యాకుమారి, మళ్ళీ గంట.

మూడోవారం మాస్టారు పాఠం మానేసి కుర్చీ ఆమెకిచ్చేశారు. క్లాసంతా చుట్టూ మూగింది.

"లంక సందులోంచి పోకే! లోతు లేదు, బోటు తగిల్తాది!" ఈసారి బోటు నడిపించే సరంగు పోలమ్మే.

శ్రీలంక చుట్టి మద్రాసు, బందరు, విశాఖ దాటాం. నేనేదో దారి చూపిస్తున్నాననుకున్నాను. ఆ పిల్లకి కావలసింది దరి.

మా ఒడ్డు వచ్చింది. నూకరత్నం నొక్కింది. వేలు తియ్యలేదు. తీస్తే చుక్క పడుతుంది. పడితే కొలత తేలుతుంది. తేలితే, నాన ఇంకా అక్కడే ఉన్నట్టు. గంట మోగింది. ఒక్కరూ లేవలేదు.

ఇప్పుడు బడికి వేలితో తాకే తెర వచ్చింది. నేను అట్టపెట్టెలో, చిక్కుపడ్డ తీగల మధ్య ఉన్నాను. నూకరత్నం నాన వచ్చాడో లేదో నాకెవరూ చెప్పలేదు. ఎడమ బటన్ లోపలికి దిగిపోయి పైకి రావడం లేదు, పాడైందన్నారు.

పాడవలేదు. నొక్కే ఉంచాను.