మామగారి తలుపు

మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి మెట్లు మంటల్లో ఉన్నాయి. పై గదిలో ముసలావిడ చిక్కుకుపోయింది. పక్కింటి బాల్కనీ ఒక్కటే దారి. ఆ పక్కిల్లు మంటలార్పడానికి వచ్చిన ఫైర్‌మన్‌కు పిల్లనిచ్చిన మామగారిది. తాళం వేసి ఉంది. వడ్రంగి అయిన ఆయన ఆ తలుపును ఆర్నెల్లు కూర్చుని తన చేతులతో చెక్కుకున్నారు.

"పగలగొట్టు. మంటలార్పడానికి ఎవరి తలుపైనా పగలగొట్టే అధికారం మనకుంది. నీ మీద కేసు నిలవదు," అన్నాడు ఆఫీసరు.

"కేసంటే కాదు సార్, మామయ్యంటే భయం!" అంటూనే అల్లుడు గొడ్డలి ఎత్తాడు.

ముసలావిడను క్షేమంగా దించాక మామగారు, అత్తగారు వచ్చారు. ఆయన తలుపు ముక్కల ముందు చతికిలబడి ఒక చెక్కను నిమిరారు.

"ఎన్ని దెబ్బలు పట్టింది?"

"పదకొండు, మామయ్యా."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఏమేవ్, విన్నావా? పదకొండు!" అన్నారు భార్యతో. అంతలో అల్లుడి అరచేతుల్లో బొబ్బలు కంటబడ్డాయి. ఆయన గొంతు మెత్తబడింది.

"ముందు మందు పట్రా. పిల్లాడి చేతులు చూడు. కొత్త తలుపుదేముంది, సెలవురోజున వచ్చాడంటే ఇద్దరం కలిసి చేసుకుంటాం."