బంగారయ్య చలివేంద్రం

మేం కాగితాలు పంపే పింఛను బోర్డుకి పట్టాళం క్యాంపు కంచె అంటే ప్రాణం. కంచె లోపల కాపురమున్నవాడికి జబ్బు చేస్తే అది నీళ్ల వల్ల వచ్చిన జబ్బు. కంచె బయటివాడికి అదే జబ్బు చేస్తే వాడి ఖర్మ. బావిలోకి దిగిన విషం గేటు దాకా వచ్చి, పాసు లేదంటే వెనక్కి తిరిగిపోయిందని వాళ్ల నమ్మకం కాబోలు.

ఆ క్యాంపు పేరు రాయను. యాంగన్‌లో, అదే మన పాత రంగూన్‌లో, ఉంటూ అలాంటి పేర్లు రాసేంత తెలివితక్కువదాన్ని కాను. లారీ ఇంజన్ల జిడ్డు వదలగొట్టే మందుని అక్కడ ఏళ్ల తరబడి ఒక గోతిలో పారబోశారు. గోతి పక్కనే తాగేనీటి బోరు. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు కిడ్నీలు పాడై, రక్త కేన్సర్లు వచ్చి వరసగా పోతుంటే, చాలా గొడవ జరిగాక బోర్డు వేశారు. తన జబ్బు ఆ నీళ్ల వల్లే వచ్చిందని రుజువు చేసుకున్న మాజీ సైనికుడికి వైద్యం ఖర్చూ, వైకల్యం పింఛనూ ఇస్తారు. ఆ రుజువులు కూడగట్టడమే మా పని. పబేడాన్ పేటలో మసాలా దినుసుల కొట్టు మీద మేడ గదిలో, వాసుదేవరావుగారనే ముసలి ప్లీడరు దగ్గర నేను ఫైళ్లు తయారుచేస్తాను. నా పేరు సుధామణి. నాకు కోపం ఎక్కువని ఆయన అంటారు. చదవకుండా సంతకాలు పెట్టే మనిషికి కోపం ఎందుకొస్తుంది?

బంగారయ్య బాబాయ్ రేవు పక్కనున్న అహ్లోన్ పేట నుంచి వచ్చాడు. వాళ్ల తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు. ఈయన పట్టాళంలో చేరి లారీ తోలాడు. మనవాళ్లందరికీ ఉన్నట్టే ఆయనకీ రెండు పేర్లు. కాగితాల్లో బర్మా పేరు ఊ ష్వే మాంగ్, వీధిలో బంగారయ్య. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను మీద పడుకుంటేగాని మనిషి లేవడు. ఆ ఖర్చుకి ఆయనకొచ్చే ఉద్యోగం పింఛను ఏ మూలకీ రాదు. వీధివాళ్లే తలా కొంచెం వేసుకుని కడుతున్నారు.

"ఎన్నాళ్లని అడుగుతానమ్మా ఆళ్లని. బోర్డు ఇస్తే ఆళ్ల నెత్తిమీంచి దిగిపోతాను," అన్నాడు మొదటి రోజునే.

ఆయన మొదటి దరఖాస్తుని బోర్డు తిప్పికొట్టింది. క్యాంపులో కాపురం లేడు కాబట్టి అర్హుడు కాడట. నిజమే, ఆయన రోజూ సాయంత్రం అహ్లోన్ వెళ్లిపోయేవాడు. నేను రూల్స్ అన్నీ తిరగేసి ఒక సందు పట్టుకున్నాను. బయట ఉంటున్నా క్యాంపు నీళ్లే నిత్యం తాగినట్టు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు సాక్ష్యం చెబితే మళ్లీ చూస్తారు.

ఆ మాట చెప్పగానే ముసలాయన మొహం వెలిగింది. "ఇద్దరేటి, వీదంతా వొస్తాది. నా నీళ్లు తాగనోళ్లెవులున్నారు మా వీదిలో?"

అప్పుడు చెప్పాడు చలివేంద్రం సంగతి. ఆ రోజుల్లో అహ్లోన్ కుళాయిల్లో తుప్పు రంగు నీళ్లు వచ్చేవి. క్యాంపు బోరు నీళ్లేమో అద్దంలా ఉండేవి, చల్లగా, కాస్త తియ్యగా. పై ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు కనక డ్రైవర్లంతా డ్రమ్ములు నింపుకుని ఇళ్లకి తెచ్చుకునేవాళ్లు. ఈయన ఒక్కడే కదా, అన్ని నీళ్లేం చేసుకుంటాడు? భార్య పైడితల్లి పిల్లలు లేకుండానే పోయింది. ఆవిడ పేరు మీద ఇంటి ముందు చెక్క అరుగు కట్టించి, రెండు కుండలు పెట్టి, గొలుసు కట్టిన గ్లాసు వేలాడదీశాడు. బర్మావాళ్లు ప్రతి వీధిలోనూ పుణ్యానికి ఇలా నీళ్ల కుండలు పెడతారు. మనవాళ్లు ఎండాకాలం మాత్రం చలివేంద్రం పెడతారు. ఈయన రెండూ కలిపి ఏడాది పొడుగునా పెట్టాడు, రిటైరయ్యేదాకా. రేవు కూలీలూ, బడిపిల్లలూ, ఇరుగూ పొరుగూ అందరికీ అవే నీళ్లు. కొందరు బిందెలతో ఇంట్లోకే పట్టుకెళ్లేవాళ్లు. కుండలు ఇప్పటికీ ఉన్నాయి, ఇప్పుడు క్యాన్ల నీళ్లు పోస్తున్నాడు.

నేను సంతోషంగా రాసుకున్నాను. ఇంత గట్టి సాక్ష్యం ఆ ఏడాది నాకు ఏ ఫైల్లోనూ దొరకలేదు. అంతకు మించి నా బుర్రకి ఏమీ తట్టలేదు.

సాక్ష్యం రోజున బంగారయ్య తాయారమ్మనీ, వెంకటరాజునీ వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరివీ ఆయనకి ఎదురిళ్లు. తాయారమ్మ పేరంటానికి వచ్చినట్టు తలలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. వెంకటరాజు రేవులో క్రేన్ల దగ్గర పనిచేసి మానేసినవాడు, మాట తక్కువ. నేను ప్రశ్న అడిగేలోపే తాయారమ్మ మొదలుపెట్టింది.

"రాసుకో అమ్మా. ఈ అన్నయ్య నీళ్లు తాగే నా పిల్లలు పెరిగినారు. లారీ హారను ఇనిపిస్తే సాలు, మా కన్నయ్య పరుగెత్తుకెల్లి డ్రమ్ములు దించీవోడు. పెద్దోడైనాక కూడా అంతే. ముందర ఆడే ఓ గ్లాసుడు తాగీసి, అప్పుడు కుండల్లో పోసీవోడు."

"నా కొడుకే ఆడు," అన్నాడు బంగారయ్య. "నాను పోయిన్నాడు నోట్లో నీళ్లు నువ్వే పొయ్యాల్రా అనీవోణ్ని. ఆడే ముందర ఎల్లిపోనాడు."

నేను ఆ విషయం దాటేద్దామని తరవాతి కాగితం తీశాను. అదొక దిక్కుమాలిన రూలు. సాక్షి తన లాభం కోసం అబద్ధం చెబుతున్నాడేమోనని బోర్డుకి అనుమానం. అందుకని జబ్బుల జాబితా సాక్షికి చదివి వినిపించి, నీకు గాని మీ ఇంట్లో గాని ఇవి వచ్చాయా అని ఒక్కొక్కటే అడగాలి. జవాబు ఎదురుగా రాయాలి. అందరూ లేదు, లేదు అంటూ పోతారు, నేను గీతలు కొట్టుకుంటూ పోతాను. ఆ రోజు కూడా అలాగే అనుకుని బర్మీస్‌లో ఉన్నదాన్ని తెలుగులో చదవడం మొదలుపెట్టాను.

"కిడ్నీ జబ్బు?"

"మా ఇంటిదానికి," అన్నాడు వెంకటరాజు. "బంగారయ్యతోనే తీసుకెల్తాను మిషనుకి. పక్కపక్క మంచాలే."

"రక్త కేన్సరు?"

"మా కన్నయ్యకి అదే కదమ్మా," అంది తాయారమ్మ.

"కడుపులు నిలవకపోవడం?"

"మా కోడలికి రెండుమార్లు పోనాది. ఎదర సందులో మేస్త్రి కూతురికీ అంతే. ఆళ్లది కూడా రాయాలా?"

చలివేంద్రం కుండలు నాకప్పుడు గుర్తొచ్చాయి. అయినా చదువుతూనే ఉన్నాను, ఎందుకంటే ఆపితే ఎందుకు ఆపానో చెప్పాలి. కాలేయం. చేతులు వణకడం. వాళ్లిద్దరూ ఏదో సాయం చేస్తున్నామన్న ఉత్సాహంతో వీధిలో ఇంటింటి జబ్బూ గుర్తు చేసుకుని చెబుతున్నారు. బంగారయ్య మాత్రం కుర్చీలో ముందుకి వంగాడు.

"సుదమ్మా, ఆ లిస్టు మళ్లీ సదువు."

"ఎందుకు బాబాయ్?"

"సదువు."

మళ్లీ చదివాను. బంగారయ్య ఒక్కొక్క జబ్బు పేరు దగ్గరా తాయారమ్మ వైపూ వెంకటరాజు వైపూ చూస్తున్నాడు. అయిపోయాక లేచాడు. సంతకం పెట్టలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఒంట్లో బాగునేదేమో," అంటూ తాయారమ్మ వెనకే పరుగెత్తింది. నేను ఆమెని ఆపి చెప్పాల్సింది. కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆ వారంలోనే మళ్లీ వచ్చాడు, ఒక్కడే. మొహం ఉబ్బి ఉంది. కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. మిషనుకి వెళ్లలేదని చూడగానే తెలిసింది.

"నా పైలు తీసీ. కొత్తది రాయి," అన్నాడు. "నీళ్లు నాను తెచ్చినాను. నాను పోసినాను. ఆళ్లు తాగినారు. ఆళ్లకి ఇవ్వమని రాయి. వెంకటరాజు పెళ్లానికి, తాయారమ్మ కోడలికి, వీదిలో అందరికీ."

"బాబాయ్, నీ ఒక్కడికోసం అంటే చూసీ చూడనట్టు పోతారు. వీధంతటికీ పంచానని నీ నోటితో నువ్వే చెబితే, క్యాంపు నీళ్లు అనుమతి లేకుండా బయటికి తరలించినట్టు. నీ కేసు పోతుంది. ఉన్న పింఛనూ ఆపేస్తారు."

"ఆపనీ."

"మిషనుకి ఎలా వెళ్తావు మరి?"

"మనుసులు సచ్చిపోనారమ్మా. మిషనంటావేటి?"

నాకు కోపం వచ్చింది. గొయ్యి తవ్వించినవాళ్లు హాయిగా ఉన్నారు, బోరు వేయించినవాళ్లు హాయిగా ఉన్నారు, కుండలు పెట్టినవాడు వచ్చి నా ముందు తల వంచుకుని కూర్చున్నాడు. అదంతా గట్టిగానే అన్నాను. ఆయన విన్నాడు. విని, "నానెరగకే పోసినాను. ఎరక్క పోసినా తాగినోళ్లు తాగినట్టే గదా. కన్నయ్యకి నా సేత్తో ఇచ్చినాను," అన్నాడు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే నాకూ ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

వీధిలో కూడా ఆయనే చెప్పాడట. ఆదివారం పొద్దున్నే కుండల పక్కన నిలబడి, అందర్నీ పిలిచి, నా నీళ్లవల్లే మీకిదంతా అన్నాడట. వెంకటరాజు ఇంట్లోంచి సుత్తి తెచ్చి రెండు కుండలూ పగలగొట్టాడు. తాయారమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మిషను చందా ఆపేద్దామని ఎవరూ అనలేదు. ఆ నెల వసూలుకి ఎవరూ బయల్దేరలేదు, అంతే.

బోర్డు జవాబు ఎప్పుడూ లేనంత తొందరగా వచ్చింది. కంచె దాటిన నీటికి క్యాంపు బాధ్యత లేదు. దాటించినవాడే బాధ్యుడు. వీధివాళ్ల దరఖాస్తులు చెల్లవు. ఊ ష్వే మాంగ్ పింఛను విచారణ తేలేదాకా నిలుపుదల. ఒకప్పుడు ఏళ్ల తరబడి డ్రైవర్లు డ్రమ్ములతో నీళ్లు మోసుకెళ్తుంటే కళ్లు మూసుకున్నవాళ్లకి ఇప్పుడు ఒక్కసారిగా చూపు వచ్చింది. వాసుదేవరావుగారు మొదటిసారి ఒక కాగితం మొత్తం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అప్పీలు వేద్దాం," అన్నారు.

అప్పీలు మీద వేలిముద్ర కోసం నేను అహ్లోన్ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. చెక్క అరుగు ఖాళీగా ఉంది. గొలుసు మాత్రం వేలాడుతోంది. లోపల బంగారయ్య చాప మీద పడుకుని ఉన్నాడు. డబ్బుల్లేక మిషనుకి వెళ్లడం మానేశాడట. ఊపిరి తీస్తుంటే గురక చప్పుడు. పెదాలు చీలిపోయి ఉన్నాయి. తలదగ్గర మందు సీసాకి వచ్చే చిన్న ప్లాస్టిక్ మూతలో గుక్కెడు నీళ్లు. కిడ్నీలు లేనివాడికి అంతకుమించి పోస్తే ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం తీస్తాయని డాక్టరు చెప్పాడు. వీధంతటికీ నీళ్లు పోసిన మనిషి నెలల తరబడి ఆ మూతతోనే తాగుతున్నాడు.

వేలికి సిరా పూసి ముద్ర వేయించాను. ఆయనకి అదేమిటో తెలుసో తెలియదో.

"సుదమ్మా, దాహం," అన్నాడు.

మూత అందుకోబోతుంటే గుమ్మంలో నీడ పడింది. తాయారమ్మ. ఆ ఆదివారం తరవాత ఆమె ఈ గడప తొక్కలేదని పక్కింటివాళ్లు చెప్పారు. చేతిలో ఇత్తడి చెంబు ఉంది. నన్ను చూసి కూడా పలకరించలేదు. వచ్చి చాప పక్కన కూలబడి, ఆయన తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

బంగారయ్య కళ్లు తెరిచి ఆమెని గుర్తుపట్టాడు. మొహం పక్కకి తిప్పుకోబోయాడు. తరవాత చెంబు వైపు చూశాడు.

"ఎక్కడివి ఆ నీళ్లు?"

"మా ఇంటివే. కాసి సల్లార్సినాను," అంది తాయారమ్మ. "నిన్ను సూడకూడదనుకున్నాను అన్నయ్యా. నా కొడుకుని తినీసినావని తిట్టుకున్నాను. ఇంకా తిట్టుకుంటన్నాను." చెంబు ఆయన పెదాలకి ఆనించింది. "కన్నయ్య ఉంటే ఆడే పోసీవోడు. ఆడు పోనాడు గదా. నాను పోస్తన్నాను, తాగు."

ఆయన తాగాడు. నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. గుటక గుటకకీ గొంతు కదులుతోంది, కళ్ల కొసల నుంచి నీళ్లు కారి తాయారమ్మ చీర తడుస్తోంది. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. మేమిద్దరం ఆపలేదు.