ఆముదంలో గాజుపూస

మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటుంది శివకుమారి. పదో తరగతికి వచ్చినా హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు పక్క బెంచీ దాటదు. అట్లాంటి పిల్లను ఆలూరులో జరిగే సైన్స్ ప్రదర్శనకు పంపుతానని శివజ్యోతి మేడం అన్నప్పుడు క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

"అక్కడ మాట్లాడేది నువ్వు కాదే, గాజుపూస," అని మేడం ధైర్యం చెప్పింది.

పొడవాటి గాజుగొట్టం నిండా ఆముదం పోసి పైనుంచి పూస వదలాలి. నూనె చల్లగా ఉంటే పూస పెళ్లికూతురిలా నెమ్మదిగా దిగుతుంది. వేడెక్కేకొద్దీ పరుగెత్తుతుంది. నూనెకుండే ఈ చిక్కదనాన్ని పుస్తకంలో స్నిగ్ధత అంటారు. వేడిని బట్టి అది ఎంత మారుతుందో చెప్పే సమీకరణం ఒకటి మేడం నేర్పింది. ఆ ప్రకారం లాగరిథమ్‌లు కట్టి గ్రాఫ్ వేస్తే చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీద కూర్చున్నాయి. ఆ గీత చేతిలో ఉంటే, ఎప్పుడూ కొలవని వేడిలోనైనా పూస ఎంతసేపటికి అడుగు చేరుతుందో ముందే చెప్పొచ్చు. పోలికకు ఉంటుందని శివకుమారి బుడ్డల నూనెకు, అంటే వేరుశనగ నూనెకు కూడా, ఒక గీత గీసిపెట్టుకుంది.

"ఎవరే ఆ స్నిగ్ధత? పొద్దస్తమానం దాని పేరే తలుస్తాండావు," అంది అవ్వ గిడ్డమ్మ.

"మనిషి కాదవ్వా. నూనె చిక్కదనం."

"దానికి గీతలెందుకే? ఏలు ముంచితే తెలీదా?"

ఆ ఊరి బడి నుంచి కర్నూలులో జరిగే జిల్లా ప్రదర్శనకు ఇంతవరకు ఎవరూ పోలేదు. తను పోవాలని శివకుమారికి ఎంత ఆశో ఎవరికీ తెలియదు, ఆమె ఎవరికీ చెప్పలేదు గనక.

ప్రదర్శన రోజు అవ్వ మంచి చీర కట్టుకుని వెంట వచ్చింది. ఆముదం క్యాను ఆటోలో ఆమె ఒళ్లోనే కూర్చుంది. పరీక్షించడానికి వచ్చింది శాంతయ్య సారు, కాలేజీ లెక్చరరు.

"ముప్పై అయిదు డిగ్రీల దగ్గర చెప్పమ్మా. చెప్పింది చెప్పినట్టు జరిగితే కర్నూలుకు పంపుతా," అన్నాడాయన.

శివకుమారి గొట్టాన్ని వేడినీళ్ల బకెట్లో నిలిపి, నూనె కలియబెట్టి, థర్మామీటరు చూసి గొణిగింది. "పదిహేడు సెకన్లు" అని మేడం దాన్ని గట్టిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

పూస పది సెకన్లకే టక్కున అడుగు తాకింది.

"పూసకు బస్సు టైమైనట్టుండాది," అన్నాడు చూడ్డానికి వచ్చిన ఓబులేష్, ఆమె క్లాసువాడే. నవ్వులు లేచాయి. మళ్లీ వదిలితే మళ్లీ పదే.

"పర్లేదమ్మా, ప్రయత్నం బాగుంది," అని సారు పక్క బల్ల వైపు నడిచాడు.

శివకుమారి మొహం ఆముదం తాగినట్టయింది. వేడి సరిగ్గానే ఉంది. పూస పాతదే, గొట్టం పాతదే. గీత తప్పు కాకపోతే మరి తప్పెక్కడ?

"సార్, ఇది నా ఆముదం కాదు."

ఆ మాట నాలుగు బల్లల అవతలికి వినపడింది. సారు ఆగాడు.

"ఇందులో పల్చటి నూనె కలిసింది సార్. కలిపిందెవరో తెలీదు కానీ ఎంత కలిపారో చెప్తాను."

రెండు నూనెలు కలిస్తే వాటి చిక్కదనాల లాగరిథమ్‌లు కూడా దాదాపు వాటి పాళ్ల ప్రకారమే కలుస్తాయని మేడం నేర్పింది. ఇంట్లో ఉండే ఇంకో నూనె బుడ్డల నూనె ఒక్కటే, దాని గీత తన దగ్గర ఉండనే ఉంది. శివకుమారి నిలబడే లెక్క కట్టింది.

"బుడ్డల నూనె అయితే, పావు వంతు కన్నా కాస్త ఎక్కువ."

వెనక అవ్వ దగ్గింది. "చెంబుడు పోస్తినప్పా," అంది మెల్లగా.

అందరూ అటు తిరిగారు.

"పక్కింటి బిడ్డ మాడుకు పెట్టేకి ఆముదం లేదనిరి. బిడ్డకు లేదంటే పాపం కాదా? ఒక చెంబు ఇస్తి. క్యాను తరిగితే ఈ పిల్ల శానా ఏడుస్తాదని బుడ్డల నూనె పోసి నింపితి."

"క్యానుకు ఎన్ని చెంబులు పడతాయమ్మా?" అన్నాడు సారు.

"మూడున్నర."

ఆయన తన పెన్నుతో భాగించి చూసుకుని, శివకుమారి కాగితం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంకోసారి మొదట్నుంచి చెప్పు తల్లీ." ఆమె చెప్పింది. ఈసారి మేడం మధ్యలోకి రాలేదు.

"ఈ పిల్ల కర్నూలుకు పోతుంది," అన్నాడాయన చివరికి. "ఉత్త ఆముదంతో కాదు, ఈ కల్తీ నూనెతోనే."

"కల్తీ అంటావేమప్పా," అవ్వకు రోషం వచ్చింది. "రెండూ మా చేన్లో పండినవే."

సారు నవ్వుతూ చేతులు జోడించి, తన కాగితంలో రాసుకున్న ‘కల్తీ నూనె’ కొట్టేసి ‘కలిపిన నూనె’ అని దిద్దాడు.

తిరుగు ఆటోలో శివకుమారి కర్నూలు గురించి ఆపకుండా చెబుతూనే ఉంది. ఊరు దగ్గర పడ్డాక అవ్వ గొంతు తగ్గించి అడిగింది:

"ఏమే, ఈ లెక్క మజ్జిగక్కూడా పనిచేస్తాదా?"

"చేస్తాదవ్వా. ఎందుకు?"

"ఏమీ లేదులే. మీ నాయనకు చెప్పొద్దు."