ఎడమవైపు పుటలు

గాజుపలక పైకి లేచింది. పుటలమ్మ పుట తిప్పింది. పలక దిగింది. కాలితో మీట తొక్కగానే రెండు దీపాలూ ఒక్కసారి మెరిశాయి. పలక మళ్లీ లేచింది.

పదహారేళ్లుగా ఇదే పని. రోజుకు పదిహేనువందల పుటలు ఫొటో తీయాలి. నడుము కుడిపక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది. వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డాయి. హాజరు యంత్రం ఆమె వేలిముద్ర గుర్తుపట్టదు. పుటలమ్మ అనే పేరు గేటు దగ్గరి కాపలాదారు పెట్టింది. గ్రంథాలయమంతా అలాగే పిలుస్తుంది.

ఆరోజు పైన హాల్లో సభ ఉంది. చదువుకు తాళాలు ఉండకూడదు, పరిశోధన అందరిదీ అని పెద్దవాళ్లు మాట్లాడుకునే సభ. ఇక్కడి పాత కాగితాలన్నీ ఇకమీదట ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చట. ఇంక ఆ కాగితాలెందుకు? మధ్యాహ్నం లారీ వచ్చి కాగితం మిల్లుకు తీసుకుపోతుంది.

పదిన్నరకు కంప్యూటరు పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"పిన్నీ, ఆ కాన్పుల రిజిస్టర్లు పద్దెనిమిదింటిలోనూ సగం పుటలు లేవు. ఖాళీవని కంప్యూటరే ఏరి తీసేసింది."

పుటలమ్మ కాలు మీట మీదే ఆగిపోయింది.

అవి ఒక మంత్రసాని రాసిన రిజిస్టర్లు. కుడివైపు సిరాతో ఆఫీసుకు కావలసింది రాసేది. తేదీ, బరువు, ఆడో మగో. ఎడమవైపు పెన్సిలుతో తనకోసం రాసుకునేది. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేసిందో, రక్తం ఎలా ఆపిందో, ఎవరి విషయంలో తప్పు చేసిందో. 'ఈమె అరవడం లేదు. అరవనివాళ్లను చూస్తే నాకు భయం' అని ఒకచోట ఉంది. పుటలమ్మ ఇద్దరు పిల్లల్ని కని ఒకర్ని పోగొట్టుకున్న మనిషి. తిప్పుతూ తిప్పుతూ చదివేసింది.

ఒక దీపం ఆర్పి, వెలుగు పక్కనుంచి పడేలా చేస్తేనే పెన్సిలు కనబడుతుంది. అలా తీస్తే పని రెట్టింపు. ఆ రిజిస్టర్లు మొదలుపెట్టిన రోజే ఆమె అలా తీస్తుంటే సూపర్‌వైజరు చూసి, నిన్ను తిప్పడానికి పెట్టుకున్నాం గాని చదవడానికి కాదన్నాడు. ఆమె నోరు మూసుకుని రెండు దీపాలూ వేసింది. పెన్సిలు రాత ఆ వెలుగులో కనబడకుండా పోయింది. యంత్రం ఖాళీ అనుకుంది.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి చెప్పింది. మెడలో సభవాళ్ల కార్డు సర్దుకుంటూ, సభ అయ్యాక చూద్దామన్నాడు. సభ అయ్యేలోపు లారీ వెళ్లిపోతుంది. ఆమె తిన్నగా హాల్లోకి వెళ్లి చివరి వరసలో కూర్చుంది.

వేదిక మీద పెద్దాయన మాట్లాడుతున్నాడు. జ్ఞానం నీరులాంటిదన్నాడు. గాలిలాంటిదన్నాడు. చివర్లో తెర మీద నల్లచుక్కల చదరం ఒకటి వేసి, ప్రశ్నలున్నవాళ్లు దాన్ని ఫోనుతో ఫొటో తీసి అందులో రాసి పంపాలన్నారు. పుటలమ్మది బటన్ల ఫోను. లేచి నిలబడింది.

"అయ్యా, ఎడమవైపు పుటలు ఖాళీవి కావు. పెన్సిలుతో రాసుంది. తప్పు నాదే, రెండు దీపాలూ వేశాను. మళ్లీ తీస్తాను. లారీని ఆపండి."

మైకు ఎవరూ ఇవ్వలేదు. పెద్దాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరని అడిగాడు. సూపర్‌వైజరు వెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"లక్షల పుటలు తిప్పిన చేతులండీ ఇవి. అందరం లేచి చప్పట్లు కొడదాం."

హాలంతా లేచింది. వేదిక మీద మిగిలిన పూలగుత్తి ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టి ఫొటో తీశారు. లారీ అని ఇంకోసారి అంది. చప్పట్లలో కలిసిపోయింది. ఆ చేతులు ఎవరికైనా ముద్దే. ఆ చేతులున్న మనిషికి ఒక నోరుందని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. తిట్టి బయటికి పంపినా ఇంత మండేది కాదు. పొగిడి కూర్చోబెట్టాలని చూశారు.

ఆమె కూర్చోలేదు. మెట్లు దిగి పెరటి గేటుకు వచ్చింది. లారీ నిండిపోయింది. డ్రైవరు తాడు బిగిస్తున్నాడు. అతనికి మొదటినుంచీ చెప్పింది. అతను తాడు వదిలేసి చివరిదాకా విన్నాడు.

"ఆపడం నా చేతుల్లో లేదక్కా," అన్నాడు. "మిల్లుకు గంటన్నర పడుతుంది. వెనక ఎక్కి నీకు కావలసినవి ఏరుకో. నేను చూడలేదనుకో."

టైరు మీద కాలుపెట్టి, వంగని నడుముతో ఎలాగో పైకి పాకింది. కాపలాదారు గేటు తీస్తూ, పుటలమ్మా, డ్యూటీ ఉందిగా, ఎప్పుడొస్తావని కేకేశాడు.

"ఇంక రాను," అంది.

లారీ మలుపు తిరిగేసరికి ఆమె ఒళ్లో మూడు రిజిస్టర్లు చేరాయి.

పైన సభ ముగిసింది. కుర్చీలు ఎత్తేవాళ్లు చివరి వరసకు వచ్చి ఆగారు. ఒక కుర్చీలో పూలగుత్తి ఉంది. చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. దానికి గుచ్చిన అట్టముక్క మీద 'శ్రీమతి' అనీ, 'గారికి కృతజ్ఞతలతో' అనీ అచ్చు వేసి ఉంది. మధ్యలో చుక్కల గీత మీద ఎవరూ ఏమీ రాయలేదు.