జడ్జిగారి మొగుడు

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఎత్తుమడమల చెప్పులైనా మార్చుకోకుండా వంటింట్లో దూరి కోడిముక్కలు కడుగుతున్నాను. మధ్యాహ్నం భోజనానికి అత్తగారూ మరిదీ తోడికోడలూ పిల్లలూ వస్తారు. ప్రతి ఆదివారం వస్తారు. నేను ఫెడరల్ జడ్జిని. వారమంతా నేను కోర్టుగదిలోకి అడుగుపెడితే అందరూ లేచి నిలబడతారు. ఆదివారం మాత్రం అందరూ కూర్చుంటారు, నేను నిలబడతాను.

ముక్కలన్నీ మజ్జిగలో నానేశాక, ఖాళీ కవర్లు చెత్తబుట్టలో పడేస్తూ పేరు చూశాను. లెదర్‌వుడ్ కోళ్ల కంపెనీ. మేము ఎన్నడూ కొనం. కొనకూడదు కూడా, ఆ కంపెనీ మీద కేసు నా దగ్గరే నడుస్తోంది. ఫ్రీజరు తెరిచి చూస్తే అలాంటివే ఇంకో పెట్టెడు ఉన్నాయి.

"రాయిస్, ఈ కోళ్లెక్కడివి?" అని కేకేశాను. టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్న మా ఆయన తల తిప్పకుండానే, "అందరూ రానీ, చెప్తా. మంచి కబురే" అన్నాడు.

ఆ కేసు గురించి చెప్పాలి. లెదర్‌వుడ్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు వరసగా నిలబడి ముందు కదిలిపోయే కోళ్లను కోస్తుంటారు. బాత్రూముకి వెళ్లాలంటే మేస్త్రీ ఒప్పుకోవాలి. అతను ఒప్పుకోడు. నోవెల్లా టిబ్స్ అనే ఆవిడ, జ్యూరీ లేని తొలి విచారణలో, నా ముందు సాక్ష్యం చెప్పింది. "జడ్జిగారూ, నాకు మనవడున్నాడు. వాడికీ నాకూ ఒకే షాపులో డైపర్లు కొంటున్నాను. మేస్త్రీని అడిగితే, నీళ్లు తక్కువ తాగి చావొచ్చుగా అన్నాడు." కంపెనీ లాయరు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను చూశాను. తర్వాత సాక్ష్యానికి వచ్చిన మేస్త్రీ తాపీగా, "కాస్త ఓర్చుకోలేరా?" అన్నాడు. ఆ రోజు నాకు కలిగిన అసహ్యాన్ని ముఖం మీదకి రానివ్వలేదు, అది నా ఉద్యోగం. కేసు కొట్టేయమని వాళ్లు వేసిన అర్జీలన్నీ ఒక్కొక్కటే తోసిపుచ్చి, కిందటి నెల అసలు విచారణకు తేదీ వేశాను. ఇన్నేళ్ల సాగతీతలో వాదుల్లో ఇద్దరు చచ్చిపోయారు. మిగిలినవాళ్లు జ్యూరీ ముందు నోరు విప్పే రోజు కోసం కాచుకుని ఉన్నారు.

భోజనాల దగ్గర, ప్రార్థన అయ్యాక, రాయిస్ గ్లాసు ఎత్తాడు. "లెదర్‌వుడ్ కంపెనీ బోర్డులో నన్ను డైరెక్టరుగా వేసుకున్నారు. శుక్రవారం సంతకం పెట్టాను."

"వాళ్ల నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవాడో!" అత్తగారు కళ్లొత్తుకున్నారు. "ఇన్నాళ్లూ ఊళ్లో అందరూ జడ్జిగారి మొగుడు, జడ్జిగారి మొగుడు అంటుంటే నా కడుపు తరుక్కుపోయేదిరా నాయనా. ఇక అననీ చూస్తా. అమ్మాయ్, గ్రేవీ ఇలా ఇయ్యి."

గ్రేవీ ఇచ్చాను. ఒక్క బొట్టు కూడా ఒలకలేదు, అందుకు నా మీద నాకే రోత పుట్టింది. "ఎప్పుడడిగారు నిన్ను?" అన్నాను.

"కిందటి నెల్లో. గోల్ఫ్ క్లబ్బులో లెదర్‌వుడ్ పెద్దాయనే స్వయంగా నా దగ్గరికొచ్చాడు. అదే, నువ్వా కేసుకి తేదీ వేశావే, ఆ వారమే."

"వదినకి ఈర్ష్యగా ఉన్నట్టుంది" అని మరిది నవ్వాడు. అందరూ నవ్వారు. ప్లేట్లలో ఎముకలు పోగుపడుతున్నాయి. నేను ముట్టుకోలేదు, బంగాళాదుంపల ముద్ద కెలుకుతూ కూర్చున్నాను.

రాయిస్ పళ్ల డాక్టరు. మంచి డాక్టరే. కాని కోళ్ల కంపెనీకి పళ్ల డాక్టరెందుకన్న అనుమానం అతనికి ఒక్క క్షణం కూడా రాలేదు. మొగుడు డైరెక్టరుగానో వాటాదారుగానో ఉన్న కంపెనీ కేసు పెళ్లాం వినకూడదు. అది చట్టం, మంచి చట్టమే. లెదర్‌వుడ్ పెద్దాయనకి ఆ చట్టం బాగా తెలుసు. నన్ను కొనలేక, చవగ్గా దొరికినవాణ్ని కొన్నాడు. ఇది కొత్తా అంటే కాదు. రాయిస్ ఏదో బ్యాంకు షేర్లు కొంటాడు, ఆ బ్యాంకు కేసు నా చెయ్యి జారుతుంది. మందుల కంపెనీలో డబ్బు పెడతాడు, అదీ పోతుంది. "మంచిదేగా కారీ, పెందరాళే ఇంటికి రావచ్చు" అనేవాడు. నేను జడ్జిగా ప్రమాణం చేసిన రోజు నాకు నల్లగౌను తొడిగింది అతనే. తొడిగి, మైకు అందుకుని, "ఇంట్లో తీర్పులు మాత్రం నావే" అన్నాడు. రాష్ట్రంలోని లాయర్లంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది, దాన్ని దుమ్ము దులిపేదీ నేనే.

అందరూ వెళ్లాక, గిన్నెలు తోముతూ, "రాజీనామా ఇచ్చెయ్" అన్నాను. "రేపు పొద్దున్నే. కంపెనీతో నీకు పైసా సంబంధం లేకుండా చేసుకో. కేసు నిలబడొచ్చు."

"నీ కోసం నేను మానుకోవాలా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నన్ను చూసి పిలిచారు కారీ. ఆ పెద్దాయన అన్నాడు, నీలాంటి వ్యవహారజ్ఞానం ఉన్నవాళ్లు కావాలని."

"నిన్ను చూసి కాదు. నన్ను చూసి పిలిచారు."

"చూశావా, అమ్మ అన్నది నిజమే. అన్నీ నీ చుట్టూనే తిరగాలి నీకు." అని, బుజ్జగింపుగా, "ఒక్క కేసే కదే. వేరే జడ్జి చూసుకుంటాడు. ఆ ఆడవాళ్లు కూడా మరీ చేస్తున్నారులే, కాస్త ఓర్చుకోలేరా?" అన్నాడు.

ఆ మాట నేను కోర్టులో విన్నాను, ఆ మేస్త్రీ నోట. అదే మాట, అదే తాపీ గొంతు. ఇన్నేళ్లూ నేను పడుకున్నది ఎవరి పక్కనో సింకు దగ్గర సబ్బు చేతులతో నిలబడి తెలుసుకున్నాను. చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను. గిన్నెలు సగంలోనే వదిలేశాను.

సోమవారం పొద్దున నా కోర్టు క్లర్కు మిసెస్ ప్రూయిట్, నేను సంగతి చెప్పగానే, ఎప్పటిలాగే ఒక్క వాక్యం టైపు చేసి తెచ్చింది. 'దిగువ సంతకం చేసిన జడ్జి ఈ కేసు నుంచి తప్పుకుంటున్నారు.' అంతే. ఎందుకన్నది ఎవరూ రాయరు. పెద్దమనిషి తరహా అది. మొగుళ్ల షేర్లూ బోర్డులూ ఆ ఒక్క వాక్యం వెనక హాయిగా నిద్రపోతాయి.

"ఇంకా ఉంది, రాసుకో" అన్నాను. "'నా భర్త డాక్టర్ రాయిస్ హాస్క్యూ ప్రతివాది కంపెనీలో డైరెక్టరుగా చేరారు. నేను విచారణకు తేదీ వేసిన వారంలోనే కంపెనీ తనను అడిగిందని ఆయన నిన్న భోజనాల బల్ల దగ్గర బంధువులందరి ముందు చెప్పారు. నన్ను తప్పించడానికే ఆ పదవి ఇచ్చారా అన్నది తేల్చవలసిన విషయం. నేను తేల్చకూడదు. తేల్చే జడ్జికి ఆయనను పిలిపించి ప్రమాణం మీద అడిగే అధికారం ఉంది.'"

మిసెస్ ప్రూయిట్ వేళ్లు ఆగిపోయాయి. "ఇది అందరూ చదువుతారు జడ్జిగారూ. పేపరువాళ్లు కూడా."

"చదవనీ."

"డాక్టరుగారు..."

"ఆయన ఎప్పుడూ తనకో పేరు రావాలనుకునేవాడు."

ఆవిడ నవ్వలేదు. టైపు చేసి, కాగితం నా ముందు పెట్టి, నేను సంతకం చేసేదాకా కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లిగా అడిగింది. "వాదుల లాయర్లు ఈ మధ్యాహ్నమే ఫోన్ చేస్తారు. డాక్టరుగారికి సమన్లు ఎక్కడికి పంపమంటారు?"

"మా ఇంటికే" అన్నాను. "తలుపు ఆయనే తీయాలి. నేనక్కడ ఉండను."